ఈఎక్స్‌టీ2ని బిగ్ ఎండియన్‌గా మార్చాలి: కెర్నల్‌లో ఎక్కడెక్కడ చెయ్యి పెట్టాలి?

రవ్వదోశ | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో ఒక వీడియో రికార్డింగ్ బాక్సు చేస్తున్నాం. ఏఆర్‌ఎం బోర్డు, దాని మీద మేమే కట్టుకున్న లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం), రికార్డింగులన్నీ ఒక హార్డ్ డిస్కు మీద ఈఎక్స్‌టీ2 అనే ఫైల్‌సిస్టమ్‌లో (డిస్కు మీద ఫైళ్లని అమర్చే పద్ధతి). కస్టమర్లు డిస్కు ఊడబీకి తమ పీసీకి తగిలించి ఫైళ్లు కాపీ చేసేసుకుంటున్నారు. అది ఆపాలని మా మేనేజర్ గారి పట్టు. ఐడియా కూడా ఆయనదే: ఈఎక్స్‌టీ2 తన సంఖ్యల్ని చిన్న బైటు ముందు వచ్చేలా (లిటిల్ ఎండియన్) రాస్తుంది, ఆ వరసని పెద్ద బైటు ముందు వచ్చేలా (బిగ్ ఎండియన్) తిప్పేస్తే మామూలు లైనక్స్‌కి తల తిరుగుతుంది, మన బాక్సుకి మాత్రమే అర్థమవుతుంది.

నేను చేసింది ఇది. కెర్నల్ సోర్సులో ఈఎక్స్‌టీ2 ఫోల్డర్ మీద సెడ్ (ఫైళ్లలో పదాలు మార్చే టూల్) నడిపి ఎల్‌ఈ16, ఎల్‌ఈ32 (16, 32 బిట్ల లిటిల్ ఎండియన్ సంఖ్యలు) అని ఉన్నచోటల్లా బీఈ16, బీఈ32 చేశాను. ఆశ్చర్యం, కంపైల్ అయింది. మామూలు ఎంకేఎఫ్‌ఎస్‌తో ఫార్మాట్ చేసిన డిస్కుని మౌంట్ చేస్తే ఇక్కడ ఈఎక్స్‌టీ2 లేదు పొమ్మంది. సరే, మ్యాజిక్ నంబరే (ఇది ఏ ఫైల్‌సిస్టమో చెప్పే గుర్తు) కదా అని హెక్స్ ఎడిటర్‌లో ఆ రెండు బైట్లు తారుమారు చేశాను. ఇప్పుడు వేరే పాట అందుకుంది: తనకి తెలియని ఫీచర్లేవో ఉన్నాయట, మౌంట్ చెయ్యదట. పక్కనే బ్రాకెట్లలో 2000000 అని ఒక నంబరు. నేను ఏ ఫీచరూ పెట్టలేదే! రెండు రోజుల్నుంచి ఇక్కడే ఆగిపోయాను.

సున్నా_ఒకటి | సోమవారం, రాత్రి 10:52

ఇరవై లక్షల ఫీచర్లా? 😄

పాత_మదర్‌బోర్డు | సోమవారం, రాత్రి 11:35

ఆ నంబరు హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) ఉంది తమ్ముడూ. ముందు ఒక సున్నా చేర్చి ఎనిమిది అంకెలు చేసి చూడు: 02 00 00 00. వెనక నుంచి చదువు: 00 00 00 02. ఈఎక్స్‌టీ2లో 2 అంటే "ఫైల్‌టైప్" ఫీచరు, ఎంకేఎఫ్‌ఎస్ ఎవరినీ అడక్కుండా పెట్టేది. నీ కెర్నల్ బిగ్ ఎండియన్‌లో చదువుతోంది, డిస్కు మాత్రం ఇంకా లిటిల్ ఎండియన్‌లోనే ఉంది. నువ్వు తిప్పింది రెండు బైట్లు. తిప్పాల్సినవి లక్షల్లో ఉంటాయి.

సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ మొత్తం వివరాలుండే చోటు) డిస్కు మొదట్నుంచి 1024 బైట్ల తర్వాత మొదలవుతుంది. అందులో 56వ బైటు దగ్గర మ్యాజిక్, అంటే డిస్కు మొదట్నుంచి లెక్కేస్తే 1080. ఈఎఫ్53 అనే సంఖ్య మామూలు డిస్కు మీద 53, ఈఎఫ్ అనే వరసలో ఉంటుంది. నువ్వు దాన్ని ఈఎఫ్, 53 చేశావు, గేటు తెరుచుకుంది, లోపల ఇల్లు పాతదే. సూపర్‌బ్లాక్‌లో అన్నిటికంటే ముందుండేది మొత్తం ఐనోడ్ల (ఒక్కో ఫైలు వివరాలుండే రికార్డుల) సంఖ్య. ఉదాహరణకి నీ డిస్కులో 1,28,016 ఐనోడ్లు ఉన్నాయనుకో. హెక్స్‌లో 1ఎఫ్410. డిస్కు మీద 10, ఎఫ్4, 01, 00 అని పడి ఉంటుంది. దాన్ని నీ కొత్త కెర్నల్ చదివితే 28 కోట్ల 44 లక్షల పైచిలుకు. ఫీచర్ల దగ్గర ఆపేసింది కాబట్టి బతికిపోయావు.

ఇంకోటి. పాత కెర్నళ్లలో బ్లాక్ సైజు సంఖ్యని సరిచూడకుండానే వాడేవాళ్లు. 4096 బైట్ల బ్లాక్ అయితే డిస్కు మీద ఉండేది 2 (1024ని రెండుసార్లు ఎడమకి జరపమని). అది 02000000గా చదివితే, ఏఆర్‌ఎం షిఫ్ట్ చేసేటప్పుడు కింది బైటు ఒక్కటే చూస్తుంది. అక్కడ సున్నా. బ్లాక్ సైజు చక్కగా 1024 అని తేలుతుంది! తప్పు సమాధానం, కానీ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. వీటితోనే అసలు భయం.

కృష్ణాతీరం | మంగళవారం, ఉదయం 7:15

రవ్వదోశ గారూ, ఎలా చేయాలో పెద్దలు చెప్తారు. ఎందుకు చేయాలో నేనడుగుతా. నేను పన్నెండేళ్లుగా ఎంబెడెడ్‌లోనే ఉన్నాను, ఇలాంటి "ఐడియా" ప్రతి ఆఫీసులోనూ ఒకసారి పుడుతుంది.

మీరు తిప్పేది ఫైల్‌సిస్టమ్ తన లెక్కలు రాసుకునే అంకెల్ని. ఫైల్లో ఉన్న డేటా బ్లాకుల్ని ముట్టుకోరు, ముట్టుకోకూడదు కూడా. అంటే వీడియో మొత్తం డిస్కు మీద యథాతథంగా ఉంటుంది. ఫైల్‌సిస్టమ్ అర్థం కాకపోయినా, ఫైలు మొదలయ్యే గుర్తుల్ని పట్టుకుని బ్లాకుల్లోంచి ఏరుకునే రికవరీ టూల్స్ ఉచితంగా దొరుకుతాయి. పెళ్లి ఫోటోలు పోగొట్టుకున్నవాళ్లు వాడేవే. మీ కస్టమర్ తమ్ముడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరమైతే చాలు.

పైగా లైనక్స్ కెర్నల్ జీపీఎల్ అనే లైసెన్సు రెండో వెర్షన్ కింద ఉంది. మార్చిన కెర్నల్‌ని బాక్సులో పెట్టి అమ్మితే, కొన్నవాళ్లు అడిగినప్పుడు ఆ సోర్సు ఇవ్వాలి. మీ రహస్యం అందులోనే ఉంటుంది. తాళం వేసి, తాళంచెవి కూడా రసీదుతో పాటు ఇచ్చినట్టు.

డీఎం-క్రిప్ట్ (డిస్కు మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసే కెర్నల్ సదుపాయం) పెట్టండి. అయిపోతుంది.

రవ్వదోశ | మంగళవారం, ఉదయం 9:05

అక్కా, అది నేనూ చెప్పాను. మా బోర్డు ప్రాసెసర్‌లో ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌కి ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లు లేవు. ఏఈఎస్ పెట్టి చూస్తే ఫ్రేములు జారిపోతున్నాయి. అందుకే ఈ తిప్పుడు.

కృష్ణాతీరం | మంగళవారం, ఉదయం 9:20

అయితే అడియాంటమ్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి చూడండి. 2019లో వచ్చిన 5.0 కెర్నల్ నుంచి ఉంది. ఏఈఎస్ హార్డ్‌వేర్ లేని చవక ఫోన్ల కోసమే తయారైంది. భారంలో ఎక్కువ భాగం చాచా12 అనే ఇంకో సైఫర్ మోస్తుంది, ఏఈఎస్‌ని సెక్టారుకి ఒక్కసారి మాత్రమే పిలుస్తుంది. డీఎం-క్రిప్ట్ కింద నేరుగా పనిచేస్తుంది. మీ కెర్నల్ 5.0 కంటే పాతదైతే అది వేరే ఏడుపు.

డల్లాస్_డబ్బా | మంగళవారం, ఉదయం 9:48

ఇంకో ప్రమాదం ఎవరూ చెప్పలేదు. డిస్కు మీద ఏముందో తెలియని సిస్టమ్‌కి అది ఖాళీ డిస్కే. విండోస్‌కి తగిలిస్తే "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. మనవాళ్లు చదవకుండా ఎస్ నొక్కేస్తారు. ఇది మామూలు ఈఎక్స్‌టీ2కీ ఉన్న బాధే, కానీ అక్కడ కనీసం ఒక లైనక్స్ మిషన్ అయినా "ఆగండి, ఇందులో సరుకుంది" అంటుంది. నీ డిస్కుకి ఆ దిక్కూ ఉండదు.

నా సొంత అనుభవం. పాత ఉద్యోగంలో పవర్ ప్రాసెసర్ సర్వర్, బిగ్ ఎండియన్. అది దబ్బున ఆగిపోతే దాని ఎక్స్‌ఎఫ్‌ఎస్ (ఇంకో ఫైల్‌సిస్టమ్) డిస్కు తీసి ఎక్స్86 (ఇంటెల్ రకం పీసీ) మిషన్‌కి పెట్టాను. ఎక్స్‌ఎఫ్‌ఎస్ డిస్కు మీద ఎప్పుడూ బిగ్ ఎండియనే కదా, ఎక్కడైనా చదవాలి కదా అని ధీమా. మౌంట్ కాలేదు. లాగ్ (జరుగుతున్న మార్పుల చిట్టా) వేరే ఫార్మాట్‌లో రాసి ఉంది, నేను కోలుకోలేను అంది. ఫైల్‌సిస్టమ్ అంతా బిగ్ ఎండియన్, లాగ్ లోపలి సరుకు మాత్రం రాసిన మిషన్ వరస. శుభ్రంగా అన్‌మౌంట్ అయి ఉంటే గొడవే లేదు. చివరికి ఆ చచ్చిన సర్వర్‌కే పవర్ సప్లై మార్చి, బూట్ చేసి, ఒకసారి మౌంట్, అన్‌మౌంట్ చేసి డిస్కు తెచ్చుకున్నాను. ఆ రాత్రి భోజనం పొద్దున ఆరింటికి.

తాళపత్రం | మంగళవారం, మధ్యాహ్నం 1:10

కోడు సంగతి నాకు అంతంతమాత్రం, కానీ ఈ తగువు మనకి కొత్త కాదు. శాసనాల్లో సంవత్సరాల్ని భూతసంఖ్యల్లో (అంకెలకి బదులు పదాలతో) రాసేవారు, "అంకానాం వామతో గతిః" అని సూత్రం. ముందు ఒకట్లు, తర్వాత పదులు, ఆ తర్వాత వందలు. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం ఏడుని కోరుమెల్లి శాసనం "వేదాంబురాశినిధి" అంటుంది. వేదాలు 4, అంబురాశులు 4, నిధులు 9. తిప్పి చదివితే శక 944, అంటే క్రీ.శ. 1022. శుద్ధ లిటిల్ ఎండియన్. తిప్పకుండా చదివినవాడికి రాజుగారి పట్టాభిషేకం ఐదు వందల ఏళ్లు వెనక్కి పోతుంది.

పాత_మదర్‌బోర్డు | మంగళవారం, మధ్యాహ్నం 2:30

తాళపత్రం గారూ, ఇది నేను రేపు ఆఫీసులో వాడేస్తాను.

సున్నా_ఒకటి | మంగళవారం, సాయంత్రం 5:02

డౌటు. ప్రతిసారీ బైట్లు తిప్పుతూ కూర్చుంటే స్లో అవదా? కాలేజీలో అలాగే చెప్పారు.

పాత_మదర్‌బోర్డు | మంగళవారం, సాయంత్రం 6:45

అవదు. ఎక్స్86లో 486 కాలం నుంచి దానికి ఒక్క ఇన్‌స్ట్రక్షన్ ఉంది. ఏఆర్‌ఎంలో ఆరో వెర్షన్ నుంచి "రెవ్" ఉంది. పవర్‌పీసీ అయితే మెమరీలోంచి తెచ్చేటప్పుడే తిప్పి తెస్తుంది. డిస్కు నుంచి ఒక బ్లాక్ రావడానికి పట్టే సమయంలో ఇలాంటివి లక్షల్లో చేయొచ్చు.

రవ్వదోశ, మేనేజర్ సంగతి పక్కన పెట్టి నేర్చుకోవడానికి చేస్తానంటే చెయ్యి, మంచి వ్యాయామం. అయితే ఇది కొత్త దారి కాదు. అమిగా, అటారీల్లోని మోటరోలా 68000 కుటుంబం చిప్పుల మీదకి లైనక్స్ వెళ్లిన తొలిరోజుల్లో అక్కడి ఈఎక్స్‌టీ2 బిగ్ ఎండియన్‌గానే ఉండేది. ఒకరి డిస్కు ఇంకొకరికి పనికిరాక, ప్రాసెసర్ ఏదైనా డిస్కు మీద లిటిల్ ఎండియనే అని తర్వాత ఖాయం చేశారు. పాత డిస్కుల్ని తిప్పి దారికి తెచ్చే ఆప్షన్ అప్పటి ఈ2ఎఫ్‌ఎస్‌సీకేలో (ఈఎక్స్‌టీ2ని సరిచూసి బాగుచేసే ఎఫ్‌ఎస్‌సీకే టూల్) ఉండేది. వాళ్లు వదిలించుకున్నదాన్ని నువ్వు ఏరి తెచ్చుకుంటున్నావు, అంతే.

పద్ధతిగా చేయాలంటే సెడ్ కాదు. యూఎఫ్‌ఎస్, క్యూఎన్‌ఎక్స్6 అనే ఫైల్‌సిస్టమ్‌ల కోడు చూడు. అవి రెండు వరసల్నీ చదువుతాయి. మౌంట్ సమయంలో మ్యాజిక్ చూసి ఇది ఏ వరసో సూపర్‌బ్లాక్ సమాచారంలో ఒక గుర్తు పెట్టుకుంటాయి. ఆ తర్వాత ప్రతి మార్పిడీ ఆ గుర్తుని అడిగి జరుగుతుంది. ఒకే కెర్నల్ పాత డిస్కుల్నీ కొత్తవాటినీ చదువుతుంది, నీ బాక్సు అప్‌గ్రేడ్ అయిన రాత్రే కస్టమర్ పాత రికార్డింగులు మాయమవ్వవు. రిజిస్టర్ చేసే ఫైల్‌సిస్టమ్ పేరు కూడా మార్చు. ఈఎక్స్‌టీ2 అనే పేరుతోనే ఇంకో జంతువుని తిప్పకు.

ఈఎక్స్‌టీ4 (ఈఎక్స్‌టీ2 వారసుడు) జోలికి మాత్రం పోకు. అక్కడ ప్రతి మెటాడేటా (ఫైల్‌సిస్టమ్ సొంత లెక్కల) ముక్కకీ చెక్‌సమ్ (తప్పు పట్టే లెక్క) ఉంటుంది. జర్నల్ (మార్పుల చిట్టా) ఏమో ముందునుంచే బిగ్ ఎండియన్! అదీ ఇదీ ఏకం చేసి తిప్పితే బిగ్‌గా ఉన్నది లిటిల్ అయి కూర్చుంటుంది.

అయ్యాక స్పార్స్ (కెర్నల్ కోడులో తప్పులు పట్టే టూల్) నడుపు, "మేక్ సీ=2". ఎల్‌ఈ, బీఈ టైపులు రెండూ కలిసినచోటల్లా కేకలేస్తుంది. ఆ కేకల్ని కాస్టింగుతో నోరు నొక్కావో, నీ ఇష్టం.

రవ్వదోశ | బుధవారం, రాత్రి 11:50

స్పార్స్ గురించి చెప్పినందుకు దండాలు. మూడుచోట్ల దొరికాయి.

ఇవాళ ఉన్న ఇమేజ్‌ని తిప్పే చిన్న ప్రోగ్రాం రాశాను. సూపర్‌బ్లాక్, దాని బ్యాకప్ కాపీలు, గ్రూప్ డిస్క్రిప్టర్లు, ఐనోడ్ టేబుళ్లు, ఇండైరెక్ట్ బ్లాకులు, డైరెక్టరీ బ్లాకులు, ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్ల (ఫైళ్ల అదనపు లక్షణాల) బ్లాకులు. అన్నిట్లో సంఖ్యల్ని తిప్పాను. బాక్సు రూట్ ఫైల్‌సిస్టమ్ కాపీ మీద టెస్టు. మౌంట్ అయింది!! కేక పెడితే పక్కింట్లో లైటు వెలిగింది.

ఎల్‌ఎస్ (ఫైళ్ల జాబితా చూపే ఆదేశం) కొడితే మాత్రం... అన్ని ఫైళ్లకీ పేరులో మొదటి అక్షరమే కనిపిస్తోంది. ఫైండ్‌ని మామూలు ఫైళ్లు చూపమంటే ఒక్కటీ లేదంటోంది. డైరెక్టరీల పేర్లన్నీ రెండక్షరాలే. సిమ్‌లింకులేమో (ఇంకో ఫైలుకి దారి చూపేవి) ఎటో పోతున్నాయి. ఒకటి స్లాష్-యు-ఎస్-ఆర్-స్లాష్-బి-ఐ-ఎన్ అని ఉండాలి. ఆర్-ఎస్-యు-స్లాష్-ఎన్-ఐ-బి-స్లాష్ అంటోంది. ఇదేం భాష?

పాత_మదర్‌బోర్డు | గురువారం, ఉదయం 6:30

పొద్దున్నే కాఫీతో ఇది చదివి చాలాసేపు నవ్వుకున్నాను. నీమీద కాదులే, నేనూ ఇదే చేశాను ఒకప్పుడు.

మొదటిది. డైరెక్టరీలో ప్రతి పేరుకీ ముందు ఐనోడ్ నంబరు నాలుగు బైట్లు, ఎంట్రీ పొడవు రెండు బైట్లు, ఆ తర్వాత పేరు పొడవు ఒక బైటు, ఫైలు రకం ఒక బైటు. పాతకాలంలో పేరు పొడవే రెండు బైట్లు. నువ్వు ఏదో పాత డాక్యుమెంటు చూసి రాసినట్టున్నావు, ఆ రెండు బైట్లనీ ఒకే సంఖ్య అనుకుని తిప్పావు. ఐదక్షరాల మామూలు ఫైలుకి 05 01 ఉండాలి, ఇప్పుడు 01 05 అయింది. పేరు పొడవు 1, రకం 5. రకం 5 అంటే ఫైఫో (ప్రోగ్రాంల మధ్య డేటా నడిపే గొట్టం)! అందుకే ఫైండ్‌కి మామూలు ఫైళ్లు కనపడలేదు. డైరెక్టరీ రకం 2, అందుకే వాటి పేర్లన్నీ రెండక్షరాలయ్యాయి. ఇంత గందరగోళంలోనూ క్షేమంగా ఉన్నది పైడైరెక్టరీని చూపే రెండు చుక్కల ఎంట్రీ. పేరు పొడవు 2, రకం 2. 02 02. వికటకవి లాగా ఎటునుంచి చదివినా ఒకటే.

రెండోది, సిమ్‌లింకు. లింకు చూపే దారి 59 అక్షరాలు దాటకపోతే దానికి వేరే బ్లాక్ ఇవ్వరు. ఐనోడ్‌లో బ్లాక్ నంబర్లు పెట్టే పదిహేను గళ్లలోనే, 60 బైట్లలో, ఆ అక్షరాల్ని నేరుగా పెట్టేస్తారు. నువ్వు వాటినీ బ్లాక్ నంబర్లే అనుకుని నాలుగేసి బైట్లు తిప్పావు. యునిక్స్‌ని పీడీపీ-11 నుంచి వేరే మిషన్‌కి తీసుకెళ్లినప్పుడు "యునిక్స్" అన్న నాలుగక్షరాలు ఎన్-యు-ఎక్స్-ఐ అయ్యాయని పాత కథ. నీది దాని మనవడు.

బిట్‌మ్యాపుల్ని (ఏది ఖాళీయో చూపే పట్టికల్ని) తిప్పలేదు కదా? అవి బైట్ల వరసే, సంఖ్యలు కావు. నీ సెడ్ కూడా వాటిని వదిలేసింది, ఆ ఫంక్షన్ల పేర్లలో ఎల్‌ఈ పక్కన 16, 32 ఉండవు కాబట్టి. అదృష్టం. యూయూఐడీ, వాల్యూమ్ పేరు కూడా ముట్టుకోకు.

కృష్ణాతీరం | గురువారం, ఉదయం 8:10

ఆట్రిబ్యూట్ల బ్లాకులో ఒక కిటుకుంది. ప్రతి ఎంట్రీకీ ఒక హ్యాష్ (విలువ నుంచి కట్టే సంఖ్య) ఉంటుంది. ఆ హ్యాష్‌ని విలువలోని బైట్ల మీద నాలుగేసి బైట్ల సంఖ్యలుగా చదివి కడతారు. మీ సెడ్ ఆ చదవడాన్నీ బీఈ చేసేసి ఉంటుంది. విలువ మారలేదు, హ్యాష్ మారిపోతుంది. ఆ ఒక్కచోట ఎల్‌ఈనే ఉంచండి, లేదంటే మీ ప్రోగ్రాంలో హ్యాష్ మళ్లీ కట్టండి. మౌంట్ చేస్తే తెలియదు, ఎఫ్‌ఎస్‌సీకే నడిపినప్పుడు బయటపడుతుంది. అన్నట్టు, ఎఫ్‌ఎస్‌సీకే మీకు ఏదీ? ఈఎక్స్‌టీ2కి జర్నల్ లేదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఎఫ్‌ఎస్‌సీకే కావాలి. ఆ టూల్స్‌ని కూడా తిప్పి రాస్తారా?

రవ్వదోశ | శుక్రవారం, రాత్రి 9:30

రాయను అక్కా. మేనేజర్ గారితో ఇవాళ కూర్చున్నాం. మీరు చెప్పిన రికవరీ టూల్‌ని తిప్పిన డిస్కు మీద ఆయన ముందే నడిపాను. వీడియో ఒకటి బయటికొచ్చి ప్లే అయింది. ఆయన ఏమీ మాట్లాడలేదు, టీ తెప్పించారు. అడియాంటమ్‌తో డీఎం-క్రిప్ట్ పెడుతున్నాం, కింద మామూలు ఈఎక్స్‌టీ4. ఫ్రేములు జారట్లేదు.

బిగ్ ఎండియన్ ముచ్చట మాత్రం నేను ఇంట్లో కొనసాగిస్తున్నా, ఇక్కడిదాకా వచ్చాక వదలబుద్ధి కాలేదు. పేరు పొడవు సరిచేశాను. సిమ్‌లింకు కూడా: మామూలు ఫైలో డైరెక్టరీనో అయితేనే ఆ పదిహేను గళ్లూ తిప్పుతున్నా, మిగతావి వదిలేస్తున్నా. నమ్మకం కోసం ఇమేజ్‌ని ఒకసారి తిప్పి, మళ్లీ తిప్పి, మొదటిదానితో సీఎంపీ టూల్‌తో పోల్చాను. ఒక్క బైటు తేడా లేదు. అంటే ప్రోగ్రాం కరెక్టే కదా?

పాత_మదర్‌బోర్డు | శుక్రవారం, రాత్రి 10:05

కాదు. నీ బుధవారం నాటి ప్రోగ్రాం కూడా దాదాపు ఈ పరీక్ష పాసయ్యేది. తప్పుగా తిప్పినదాన్ని అదే తప్పుతో మళ్లీ తిప్పితే మొదటికే వస్తుంది. చొక్కా తిరగేసి, మళ్లీ తిరగేసి, చిరుగు లేదన్నట్టుంది.

తిప్పని ఇమేజ్‌ని పాత కెర్నల్‌లో, తిప్పినదాన్ని కొత్త కెర్నల్‌లో మౌంట్ చెయ్యి. రెండుచోట్లా ప్రతి ఫైలుకీ పేరు, రకం, పరిమాణం, అనుమతులు, లింకు ఎటు చూపుతోంది, డివైస్ అయితే దాని నంబర్లు, ఫైలైతే షా256 (లోపలి సరుకుకి వేలిముద్ర లాంటిది). రెండు జాబితాలు తీసి తేడాలు చూపే డిఫ్ కొట్టు.

రవ్వదోశ | శనివారం, మధ్యాహ్నం 12:20

కొట్టాను. ఫైళ్లు, లింకులు అన్నీ ఒకటే. /డెవ్ (డివైసుల ఫోల్డర్) కింద ఉన్నవి మాత్రం మొత్తం తేడా. నల్ అనే డివైసుకి 1, 3 ఉండాలి, 0, 0 వచ్చింది. మామూలు ఫైలూ డైరెక్టరీ కానివన్నీ వదిలేస్తున్నా అన్నాను చూడండి, డివైసుల నంబర్లు కూడా ఆ గళ్లలోనే ఉంటాయని గుర్తులేదు. అవి సంఖ్యలే, తిప్పాలి.

కృష్ణాతీరం | శనివారం, మధ్యాహ్నం 12:31

మొదటి గడి ఒక్కటే కాదు, రెండోది కూడా చూడండి. పెద్ద డివైస్ నంబర్లు అక్కడుంటాయి.

రవ్వదోశ | శనివారం, మధ్యాహ్నం 1:05

రెండూ తిప్పాను. ఈసారి డిఫ్ ఏమీ అనలేదు. భోజనానికి వెళ్తున్నా.